అమెరికాలో 60 ఏళ్లు దాటినవారికి ఇచ్చే భోజనానికి అర్హత ఎలా చూస్తారు? పరకాలలో ఒంటరిగా ఉన్న మా అత్తమ్మకు అలాంటిది ఏదైనా ఉందా?

ప్రశ్న: సుబేదారి_అధ్యాపకురాలు

నమస్కారం. పిల్లల దగ్గర కొంతకాలం ఉండి వచ్చినవారు, అక్కడే స్థిరపడినవారు ఈ వేదికలో చాలామంది ఉన్నారు కాబట్టి, రెండు నెలలుగా మా ఇంట్లో నలుగుతున్న ఒక విషయాన్ని మీ ముందు పెడుతున్నాను.

మా బాపుకు 66 ఏళ్లు, అమ్మకు 58. తమ్ముడు అమెరికా పౌరసత్వం తీసుకున్న తరువాత ఇద్దరికీ గ్రీన్ కార్డు చేయించాడు. పోయిన ఏడాది నుంచి న్యూజెర్సీలో, ఎడిసన్ దగ్గర వాడి ఇంట్లోనే ఉంటున్నారు. తమ్ముడు, మరదలు పొద్దున ఏడున్నరకు వెళితే సాయంత్రం ఆరు దాటాకే ఇల్లు చేరతారు. ఇక్కడ ఉన్నప్పుడు రోజూ భద్రకాళి చెరువు కట్ట మీద నడిచి, దారిలో నలుగురితో మాట్లాడి, ఇంటికి వచ్చి జొన్నరొట్టె తినే మనిషి, అక్కడ మధ్యాహ్నం రెండు బిస్కెట్లు, ఇంత చాయతో సరిపెట్టుకుంటున్నారు. కూరగాయలు, పెరుగు దాదాపు మానేశారని అమ్మ చెబుతోంది. షుగర్‌కు, బీపీకి కలిపి రోజుకు నాలుగు మాత్రలు వేసుకుంటారు. ఆరు నెలల్లో ఐదు కిలోలు తగ్గి, బెల్టుకు మేకుతో కొత్త రంధ్రం చేసుకున్నారని మొన్న వీడియో కాల్‌లో అమ్మ చూపించింది.

పక్కింట్లో ఉండే గుజరాతీ పెద్దావిడ వారానికి నాలుగు రోజులు సీనియర్ సెంటర్‌కు, అంటే వృద్ధులు పగటిపూట కలుసుకునే కేంద్రానికి, వెళ్లి మధ్యాహ్న భోజనం అక్కడే చేసి వస్తారట. తాను ఎప్పుడూ ఆదాయం కాగితాలు చూపించలేదని, మీరూ రావచ్చని ఆవిడ పిలిచారు. బాపు ఆ మాట వినగానే, "కొడుకు సంపాయిస్తుంటె సర్కారు బువ్వ తినుడేంది, మనం గతిలేనోళ్లమా" అన్నారు. తమ్ముడి భయం వేరు: ప్రభుత్వ సాయం తీసుకున్నట్టు నమోదైతే రేపు పౌరసత్వానికి అడ్డం వస్తుందేమోనని, స్పాన్సర్‌గా సంతకం పెట్టిన తన మీద ఆ ఖర్చు పడుతుందేమోనని వాడు వెనకాడుతున్నాడు. అమ్మకు ఇంకా 60 నిండలేదు కాబట్టి ఆమెను రానిస్తారా అన్నది మరో సందేహం. ఇంటికే తెచ్చిచ్చే భోజనం కూడా ఉంటుందని విన్నాము. అది ఎవరికి ఇస్తారు?

ఇదే మాటల్లో మా మేనత్త సంగతి కూడా వచ్చింది. ఆమెకు 74 ఏళ్లు, పిల్లలు లేరు, మామయ్య పోయిన తరువాత పరకాలలో ఒంటరిగా ఉంటున్నారు. పొద్దున ఒక్కసారి వండుకున్న అన్నంలోనే రాత్రికి చల్ల పోసుకొని తింటారు. అక్కడ బాపుకు దొరికేలాంటిది ఇక్కడ ఆమెకు ఏదైనా ఉందా? తెలిసినవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

జవాబు: కాజీపేట_విశ్రాంత_రైల్వే

అమ్మా, మీ బాపు అన్న మాటే ఏడేళ్ల క్రితం నేనూ అన్నాను కాబట్టి మొదట నేను రాస్తున్నాను. మా అమ్మాయి దగ్గర టెక్సాస్‌లో ఉన్నప్పుడు, నా ఒంటరితనం చూడలేక అల్లుడు నన్ను ఒక సీనియర్ సెంటర్ ముందు దించి వెళ్లాడు. లోపల ఒకామె రెండు పేజీల ఫారం చేతిలో పెట్టింది. పేరు, చిరునామా, పుట్టిన తేదీ, అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలి, ఒంటరిగా ఉంటారా, ఇంట్లో వంట ఎవరు చేస్తారు వంటి ప్రశ్నలున్నాయి. ఆదాయం గురించి ఒక గడి ఉంది కానీ, అది లెక్కల కోసమేనని, ఇష్టం లేకపోతే ఖాళీగా వదిలేయవచ్చని ఆమే చెప్పింది. బ్యాంకు పుస్తకం అడగలేదు, పింఛను కాగితమూ అడగలేదు. సికింద్రాబాద్‌లో మెడికల్ కార్డు కోసం నేను తిరిగిన తిరుగుడు గుర్తుకు వచ్చి, ఇంతేనా అని రెండుసార్లు అడిగాను.

భోజనం పదకొండున్నరకు పెట్టేవారు. గోధుమ రొట్టె ముక్క, ఉడికించిన చిక్కుడు గింజలు, క్యారెట్టు, ఒక పండు, చిన్న అట్టడబ్బాలో పాలు. ఉప్పు కారం తెలియని తిండి అది, దాచుకోవడం ఎందుకు. రెండో వారం నుంచి జేబులో మామిడికాయ తొక్కు సీసా పెట్టుకొని వెళ్లేవాడిని. నా ఎదుటి కుర్చీలో కూర్చునే మెక్సికో ఆయన ఆ తొక్కుకు ఎంత అలవాటు పడ్డాడంటే, నేను రాని రోజున మా అమ్మాయి నంబరుకు ఫోన్ చేయించేవాడు.

తలుపు పక్కన తాళం వేసిన చెక్క పెట్టె ఒకటి ఉండేది. దాని మీద ఒక మొత్తం రాసి, ఇది సూచన మాత్రమేనని కింద మరో వాక్యం రాసి ఉండేది. వేసినవారెవరో, వేయనివారెవరో ఎవరూ చూసేవారు కాదు. నేను రోజూ అంత వేసి వచ్చేవాడిని. ధర్మానికి తింటున్నానన్న భావన ఆ పెట్టెతోనే పోయింది. మీ బాపుకు ఫారం సంగతి తరువాత చెప్పండి, ముందు ఆ పెట్టె సంగతి చెప్పండి.

జవాబు: జమ్మికుంట_వ్యాపారి

నా అభిప్రాయం కొందరికి నచ్చకపోవచ్చు. కొడుకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ సొంత ఇంట్లో ఉంటున్నప్పుడు, బీదవారి కోసం పెట్టిన భోజనానికి తల్లిదండ్రులు వెళ్లడం సబబేనా? ఒకరు తింటే ఇంకొకరికి తక్కువ పడదా?

జవాబు: కరీంనగర్_నుంచి_ఒహాయో

అక్కా, నేను ఇక్కడ వృద్ధుల సేవల విభాగంలో పదేళ్లుగా ఇళ్లకు వెళ్లి అర్హత అంచనాలు రాసే పని చేస్తున్నాను కాబట్టి కొంచెం విడమరిచి చెబుతాను. జమ్మికుంట అన్న అడిగినది న్యాయమైన ప్రశ్నే కనుక దానితోనే మొదలుపెడతాను.

ఈ భోజనం బీదవారి పథకం కాదు. 1965లో వచ్చిన ఓల్డర్ అమెరికన్స్ యాక్ట్ అనే చట్టం కింద, 1972లో చేర్చిన పోషకాహార కార్యక్రమం ఇది. ఇంటికి పంపే భోజనానికి విడిగా నిధులు కేటాయించడం 1978 సవరణతో వచ్చింది. 60 ఏళ్లు నిండినవారు ఎవరైనా అర్హులే. ఆదాయం ఎంత ఉందో చూసి కాదనడాన్ని చట్టమే నిషేధించింది. డబ్బు ఇవ్వలేదని భోజనం ఆపడానికీ వీల్లేదు. అయితే నిధులు అందరికీ సరిపడవు కాబట్టి, ఆర్థికంగా, సామాజికంగా ఎక్కువ అవసరంలో ఉన్నవారికి, అందులోనూ తక్కువ ఆదాయం గల మైనారిటీలకు, పల్లెల్లో ఉన్నవారికి, ఇంగ్లీషు సరిగా రానివారికి ముందు చేరేలా చూడాలని అదే చట్టం చెబుతుంది. అర్హత వేరు, ప్రాధాన్యం వేరు. ఈ రెండింటినీ కలిపేసుకోవడం వల్లనే మనవాళ్లు ఇది బీదవారికే అనుకుంటారు. తమ ఆదాయం దారిద్ర్యరేఖకు 185 శాతం లేదా అంతకంటే ఎక్కువ అని స్వయంగా చెప్పినవారిని, భోజనానికి అయ్యే అసలు ఖర్చు మేరకు విరాళం ఇవ్వమని ప్రోత్సహించవచ్చు, బలవంతం చేయకూడదు. ఉన్నవారు పెట్టెలో వేసిన డబ్బు తిరిగి ఆ వంటకే ఖర్చవుతుంది. పైగా, ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే ప్రోత్సాహక నిధిలో ఒక భాగాన్ని అంతకుముందు ఏడాది అర్హులకు వడ్డించిన భోజనాల సంఖ్యను బట్టి పంచుతారు కాబట్టి, మీ బాపు కూర్చొని తిన్న ప్లేటు వల్ల పక్కవారికి లోటు పడుతుందన్న లెక్క పూర్తిగా నిజం కాదు.

అమ్మ విషయం. 60 నిండినవారు పాల్గొంటున్నప్పుడు వారి భర్త గాని భార్య గాని ఏ వయసువారైనా తినవచ్చు. అంటే అమ్మకు వచ్చే అర్హత బాపు ద్వారా వస్తుంది, బాపు పేరు నమోదు చేసుకోకపోతే ఆమెకు ఆ దారి ఉండదు. ఇంకో దారి ఉంది: భోజనం వేళ వడ్డనకు, బల్లలు సర్దడానికి స్వచ్ఛందంగా పనిచేసేవారికి, వారి వయసుతో సంబంధం లేకుండా అదే పద్ధతిలో భోజనం పెట్టే వెసులుబాటు నిర్వాహకులకు ఉంటుంది. అర్హులైన వృద్ధులతో కలిసి ఇంట్లో ఉండే వికలాంగులకూ అలాగే పెట్టవచ్చు. ఇవేవీ వర్తించని అతిథి వస్తే పూర్తి ఖరీదు చెల్లించి తినాలి.

ఇంటికి తెచ్చిచ్చే భోజనానికి 60 ఏళ్ల వయసు ఒక్కటే చాలదు. జబ్బు వల్ల గాని, వైకల్యం వల్ల గాని, మరో విధంగా ఒంటరిపడి గాని ఇల్లు కదలలేని స్థితి ఉండాలి. అది తేల్చడానికే నాలాంటి వాళ్లం ఇంటికి వస్తాము. స్నానం, బట్టలు కట్టుకోవడం, మంచం మీంచి లేవడం ఎవరి సాయం లేకుండా చేసుకోగలరా, అంగడికి వెళ్లగలరా, పొయ్యి దగ్గర నిలబడగలరా అని అడుగుతాము, అడిగి ఊరుకోకుండా చూస్తాము కూడా. ఒకసారి ఒక పెద్దాయన "అన్నీ నేనే చేసుకుంటాను" అని గట్టిగా చెప్పారు. ఆయన ఫ్రిజ్ తెరిస్తే ఆవాల సీసా, గడువు దాటిన పాల డబ్బా తప్ప ఏమీ లేవు. మీ బాపు కట్ట మీద నడిచిన మనిషి, ఇప్పుడూ నడవగలరు. ఇంట్లో తిండి వేడి చేసుకోవడానికి బద్ధకించడం ఇల్లు కదలలేకపోవడం కిందికి రాదు కాబట్టి, ఇప్పటికి ఆయనకు వర్తించేది కేంద్రంలో కూర్చొని తినే భోజనమే. రేపు మోకాలి ఆపరేషన్ వంటిది జరిగి మంచాన పడితే, ఆ కొద్దికాలానికి ఇంటి భోజనం అడగవచ్చు, అప్పుడు అమ్మకూ కలిపి తెచ్చే వీలుంటుంది. ఇంటి భోజనానికి చాలాచోట్ల నిరీక్షణ జాబితా ఉంటుందని మాత్రం గుర్తుంచుకోండి.

పోషకాహార లోపం ఎంత ఉందో చూడటానికి పది ప్రశ్నల పట్టిక ఒకటి వాడతాము. మీరు రాసిన దాన్ని బట్టి బాపుకు నేనే వేసి చూశాను. జబ్బు వల్ల తిండి మార్చుకోవలసి వచ్చినందుకు 2, కూరగాయలు, పళ్లు, పాలు తక్కువైనందుకు 2, రోజుకు మూడు లేదా అంతకంటే ఎక్కువ మందులు వేసుకుంటున్నందుకు 1, కోరకుండానే ఆరు నెలల్లో పది పౌండ్లు, అంటే సుమారు నాలుగున్నర కిలోలు తగ్గినందుకు 2. మొత్తం 7. ఆరు లేదా అంతకంటే ఎక్కువ వస్తే ప్రమాదం ఎక్కువని అర్థం. ఇది అర్హతకు గీత కాదు, కానీ ఆ బెల్టు రంధ్రాన్ని తేలికగా తీసుకోకుండా వెంటనే డాక్టరుకు చూపించండి. షుగర్ ఉన్న మనిషి బరువు ఊరికే తగ్గడు.

తమ్ముడి భయాల గురించి. స్పాన్సర్‌గా ఆయన సంతకం పెట్టిన ఐ-864 పత్రం కింద తిరిగి వసూలు చేయగలిగేది ఆదాయ పరిమితి చూసి ఇచ్చే సాయాన్ని మాత్రమే: మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవారికి ఇచ్చే ఆరోగ్య బీమా), ఫుడ్ స్టాంపులు, ఎస్ఎస్ఐ (తక్కువ ఆదాయం గల వృద్ధులకు, వికలాంగులకు నెలనెలా ఇచ్చే నగదు) వంటివి. ఈ భోజనానికి ఆదాయ పరిమితే లేదు కనుక అది ఆ లెక్కలోకి రాదు. పబ్లిక్ ఛార్జ్ అనే పరీక్ష, అంటే ఆ మనిషి ప్రభుత్వ సాయం మీదే ఆధారపడతారా అని చూడటం, గ్రీన్ కార్డు ఇచ్చే ముందు ఉంటుంది, పౌరసత్వం ఇచ్చేటప్పుడు ఆ పరీక్ష లేదు. 2022 నాటి నియమాల్లో చూసేది జీవనానికి నగదుగా తీసుకున్న సాయాన్ని, ప్రభుత్వ ఖర్చుతో సంస్థల్లో దీర్ఘకాలం ఉండటాన్ని మాత్రమే. ఒక జాగ్రత్త చెబుతాను: గ్రీన్ కార్డు ఉన్నవారు 180 రోజులకు మించి దేశం బయట ఉండి తిరిగి వస్తే మళ్లీ కొత్తగా ప్రవేశం అడుగుతున్నట్టు చూసే అవకాశం ఉంది. వలస నియమాలు తరచూ మారుతుంటాయి కాబట్టి, బాపు సంక్రాంతికి వచ్చి ఉగాది దాటి, వానాకాలం దాకా హనుమకొండలో ఉండిపోయే ఆలోచనలో ఉంటే బయలుదేరే ముందు వకీలును అడగండి.

న్యూజెర్సీలో 21 కౌంటీలకూ (మన జిల్లాల వంటివి) తలా ఒక వృద్ధుల సేవల కార్యాలయం ఉంది. ఎడిసన్ మిడిల్‌సెక్స్ కౌంటీలోకి వస్తుంది. ఎల్డర్‌కేర్ లొకేటర్ నంబరు 1-800-677-1116కు తమ్ముడు ఫోన్ చేసినా ఆ కార్యాలయానికి దారి చూపిస్తారు. రానుపోను వ్యాను ఉందా, శాకాహారం పెడతారా, ముందురోజు పేరు చెప్పాలా అన్న మూడు ప్రశ్నలూ అడగమనండి. ఒక్క పూట భోజనంలో రోజుకు కావలసిన పోషకాల్లో మూడో వంతు ఉండాలన్నది నియమం. ఆరోగ్యం, మతం, ఆచారం బట్టి వీలైనంతవరకు తిండి మార్చి ఇవ్వాలని కూడా చట్టంలో ఉంది కాబట్టి శాకాహారం అడగడానికి మొహమాటపడనక్కరలేదు. న్యూయార్క్ క్వీన్స్‌లో ఇండియా హోం అనే సంస్థ మన దేశపు వంటే పెడుతుంది.

సుబేదారి_అధ్యాపకురాలు

చెల్లీ, ఇంత ఓపికగా రాసినందుకు కృతజ్ఞతలు. బరువు సంగతి రాత్రే తమ్ముడికి చెప్పాను, వచ్చే బుధవారం డాక్టరు దగ్గరకు తీసుకెళుతున్నాడు. రైల్వే సార్, పెట్టె సంగతి బాపుకు చెప్పాను. ఆయన "ఊఁ" అన్నారు తప్ప ఇంకేమీ అనలేదు. మా అత్తమ్మ గురించి కూడా ఎవరైనా చెప్పగలరా?

జవాబు: భీమారం_విశ్రాంత_డిప్యూటీ_తహసీల్దార్

అమ్మా, ముందే ఒక మాట చెప్పాలి. మన దగ్గర వృద్ధులకు ఉన్నవి చాలావరకు బియ్యం, పింఛను రూపంలో ఉన్నవే. వండి పెట్టే పద్ధతి గర్భిణులకు, బాలింతలకు ఉంది: 2015 జనవరి నుంచి ఆరోగ్య లక్ష్మి కింద అంగన్‌వాడీలో అన్నం, పప్పు, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు అక్కడికక్కడే పెడుతున్నారు. హైదరాబాద్‌లో ఐదు రూపాయల భోజనం 2014 నుంచి ఉంది, దానికి వయసూ లేదు, కాగితమూ లేదు, వరుసలో నిలబడితే చాలు. అయితే 74 ఏళ్ల మనిషి పరకాల నుంచి వెళ్లి వరుసలో నిలబడలేదు కాబట్టి ఆ మాట ఇక్కడితో వదిలేద్దాం.

ఆమెకు వర్తించేవి చూద్దాం. మొదటిది ఆసరా పింఛను, 2,016 రూపాయలు. మన రాష్ట్రంలో వృద్ధాప్య పింఛనుకు వయసు 57కు తగ్గించారు, వితంతు పింఛను విడిగా ఉంది, రెండింటిలో ఏదో ఒకటే వస్తుంది. రెండోది అంత్యోదయ కార్డు: నికరమైన జీవనాధారం, ఆదుకునే మనిషి లేని వితంతువులు, 60 ఏళ్లు దాటినవారు ఉన్న కుటుంబాలు ఆ వర్గంలోకి వస్తాయి. ఒక్క మనిషే ఉన్నా ఆ కార్డుకు నెలకు 35 కిలోలు. మూడోది కేంద్రం 2000లో తెచ్చిన అన్నపూర్ణ పథకం, నెలకు పది కిలోలు. 65 ఏళ్లు దాటి, పింఛనుకు అర్హత ఉండీ అది అందనివారి కోసం పెట్టింది కనుక, పింఛను వస్తుంటే ఇది రాదు. ఈ చిక్కుముడి తెలియక మా కార్యాలయానికి వచ్చిన ఎందరో ముసలివాళ్లు రెండింటికీ అర్జీ పెట్టి, రెండూ ఆగిపోయి, మెట్ల మీద కూర్చున్న సంగతి నాకు తెలుసు.

పిల్లలు లేరన్నారు కాబట్టి ఇది కూడా చెప్పాలి. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం ప్రకారం, సంతానం లేని వయోవృద్ధుల ఆస్తి అనుభవిస్తున్న, లేదా వారి తరువాత ఆ ఆస్తి పొందబోయే, స్తోమత ఉన్న బంధువు వారి పోషణ చూడాలి. ఆమె ఇల్లు, పొలం మీద కన్నేసిన మనిషి ఎవరైనా ఉంటే ఆర్డీవో ముందు దరఖాస్తు పెట్టవచ్చు. దారి తెలియకపోతే 14567 నంబరుకు ఫోన్ చేయండి, వయోవృద్ధుల కోసమే పెట్టిన ఉచిత ఎల్డర్ లైన్ అది, పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా పలుకుతారు.

ఇవన్నీ వచ్చినా వండిపెట్టే చెయ్యి రాదు. మా కాలనీలో మేము చేసిన ఏర్పాటు ఒకటి చెబుతాను. మూడేళ్ల క్రితం నలుగురం కలిసి, రోజూ మధ్యాహ్నం వృద్ధుల ఇళ్లకు క్యారియర్ పంపాలని అనుకున్నాము. మహిళా సంఘంలోని ఒకామె వండడానికి ఒప్పుకుంది. నేను జీవితమంతా అర్హత పత్రాల మీద సంతకాలు పెట్టినవాణ్ణి కాబట్టి, అలవాటు కొద్దీ ఒక నియమం రాశాను: పిల్లలు చూడని నిరుపేద వృద్ధులకు మాత్రమే. పదిహేను రోజులు చూశాము, ఒక్కరూ పేరు ఇవ్వలేదు. నా ఇంటికి మూడిళ్ల అవతల రెండు రోజులకు ఒకసారి వండుకునే ముసలావిడ కూడా ఇవ్వలేదు. ఇచ్చిందంటే కొడుకు చూడటం లేదని ఆమె నోటితో ఆమే ఒప్పుకున్నట్టవుతుంది కదా. అప్పుడు ఆ కాగితం చింపి, 60 నిండినవారు ఎవరైనా సరే, ఇచ్చిన కాడికి ఇవ్వవచ్చని కొత్తగా రాసి పెట్టాము. మొదట పేరు ఇచ్చింది ఒక విశ్రాంత ఇంజనీరు. ఆయన ఇచ్చాడని తెలిసిన మరునాడే ఆవిడ కూడా ఇచ్చింది. ఇప్పుడు పదకొండు క్యారియర్లు వెళుతున్నాయి. ఒహాయో చెల్లెలు రాసిన అమెరికా నియమం చదువుతుంటే, మేము కాగితం చింపి తెలుసుకున్నదాన్ని వాళ్లు చట్టంలోనే రాసుకున్నారనిపించింది.

పరకాలలో మీ అత్తమ్మ వీధిలో వండగలిగిన మనిషి ఒకరిని చూడండి. ఆమె ఒక్కదానికే కాకుండా, ఆ వాడలో ఇంకో ఇద్దరు ముగ్గురికి కలిపి మాట్లాడితే ఖర్చు తగ్గుతుంది, అత్తమ్మకూ చిన్నతనం అనిపించదు. రాత్రి పూట పెట్టించండి, ఎందుకంటే పొద్దున వంట ఆమె ఎలాగూ చేసుకుంటున్నది.

జవాబు: జమ్మికుంట_వ్యాపారి

నా ప్రశ్నకు సమాధానం దొరికింది. కాలనీ పెద్దమనిషి గారు, క్యారియర్ లెక్క ఎంత పడుతుందో, డబ్బు ఎవరి చేతిలో ఉంటుందో వీలైతే విడిగా రాయండి. మా దగ్గర కూడా ఇలాంటివాళ్లు ఉన్నారు, మా నాయన స్నేహితులే.

సుబేదారి_అధ్యాపకురాలు

అందరికీ ధన్యవాదాలు. ఆదివారం పరకాల వెళ్లి వచ్చాను. అత్తమ్మకు వితంతు పింఛను వస్తోంది కాబట్టి అన్నపూర్ణ ప్రసక్తి లేదు, రేషను కార్డు అంత్యోదయలోకి మార్చమని దరఖాస్తు రాసి ఇచ్చాను. ఎదురింటి కోడలు రాత్రికి రెండు రొట్టెలు, కూర చేసి ఇవ్వడానికి ఒప్పుకుంది. తనతోపాటు పక్కింటి ఎల్లవ్వకు కూడా తెస్తేనే తింటానని అత్తమ్మ అన్నారు కాబట్టి ఇద్దరికీ మాట్లాడి వచ్చాను.

అక్కడ తమ్ముడు కౌంటీ కార్యాలయానికి ఫోన్ చేశాడు. వ్యాను ఉంది, శాకాహారం కావాలంటే ముందురోజు చెప్పాలట. వడ్డనకు మనుషులు కావాలని విని అమ్మ తన పేరు ఇచ్చింది, సోమవారం నుంచి వెళుతోంది. అమ్మకు ఇంగ్లీషు రాదు కాబట్టి తోడుగా వెళ్లి కూర్చుంటానని, అంతకంటే ఏమీ లేదని బాపు అన్నారట. కూర్చున్నవాళ్ల దగ్గర కూడా పుట్టిన తేదీ రాయించుకుంటారని తమ్ముడు ఇంకా ఆయనకు చెప్పలేదు.